నాలుగో బిళ్ళ

ఆఫీసులో నా పని లెక్కపెట్టడం. ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీ మాది. పెట్టెలో నలభై ఉండాల్సిన చోట ముప్పైతొమ్మిదే ఉంటే పట్టుకునేది నేను. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదని పార్టీల్లో చెప్పుకునేవాణ్ణి. వినేవాళ్ళకి విసుగొచ్చేది. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

నా పక్క క్యూబికల్ కృపావరానిది. నరసాపురం మనిషి. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరినీ అండీ అంటాడు. ఆఖరికి కార్లో దారి చెప్పే ఆడగొంతుకి కూడా, "అలాగేనండి, లెఫ్ట్ తీసుకుంటానండి" అని మర్యాదగా జవాబిస్తాడు. మా టీమ్‌లో ఇంటర్న్‌గా చేరిన రుత్విక్, వరంగల్ కుర్రాడు, ఇతన్ని వెనక 'అండీ అన్న' అంటాడు. కృపావరానికి ఆ సంగతి తెలుసు. తెలిసీ నవ్వుతాడు.

ఇతనికి ఉన్న పిచ్చి ఒక్కటే, బాస్ అనే రకం చేపలు పట్టే పోటీలు. లంచ్ టైమ్‌లో ఫోన్ పెట్టుకుని అవే చూస్తాడు. రోజంతా పట్టినవాటిలో బరువైన ఐదు చేపలే లెక్కలోకి వస్తాయట. బతికుండగానే తూకానికి తేవాలట. చచ్చిన చేపకి బరువు కోసేస్తారట. అందుకని పడవలోనే నీళ్ళ తొట్టి, దానికి గాలి కొట్టే మోటారు. తూచాక అన్నిటినీ మళ్ళీ సరస్సులో వదిలేస్తారు.

"పులుసుకి పనికిరాని వేట ఏం వేటయ్యా?" అంటే, "తీసుకున్నదాన్ని తీసుకున్నట్టే తిరిగిచ్చేయడంలోనే ఉందండీ గొప్పంతా" అనేవాడు.

మే నెలాఖరులో టెనెస్సీలో ఎల్డర్ క్రీక్ అనే సరస్సు మీద పెద్ద ప్రొఫెషనల్ పోటీ పడింది. నాలుగు నెలల ముందే మోటెల్ బుక్ చేశాడు. పోటీ పడవల వెనక దూరంగా వెళ్ళి చూడటానికి ఒక బోటు కూడా అద్దెకి మాట్లాడాడు. నేను, రుత్విక్, మా ఆఫీసులోనే పనిచేసే హర్షవర్ధన్ వస్తామన్నాం. తీరా బయల్దేరే రోజు హర్షవర్ధన్‌కి ప్రొడక్షన్‌లో ఏదో సిస్టమ్ ఆగిపోయిందట, రాలేనన్నాడు. ముగ్గురం మిగిలాం.

కృపావరం ఇంటి ముందు సామాను సర్దుతుంటే అతని భార్య దీనమ్మ రొయ్యల వేపుడు డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. ఏడో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, ఈయనకి ఈత రాదు. గోదారి పక్కన పుట్టి కూడా రాదు. చిన్నప్పుడు వాళ్ళ తమ్ముడు కాలవలో పోయాడని వాళ్ళమ్మ నీళ్ళ దరికి పోనిచ్చేది కాదు. మీరు చూసుకోండి. తీసుకెళ్ళినట్టే తీసుకురండి."

"నాదీ పూచీ తల్లీ. లెక్కపెట్టి అప్పజెబుతాను" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తే.

దారంతా బాగానే గడిచింది. ఒహాయో, కెంటకీ దాటాం. రుత్విక్ పాటలు, కృపావరం చేపల పురాణం, నా సణుగుడు. ఒక్క కెంటకీలోనే టైరు పంక్చర్ అయి రెండు గంటలు పోయాయి. అర్ధరాత్రికి మోటెల్ చేరి పడుకుని, మళ్ళీ నాలుగున్నరకే లేచాం. పడవలు తెల్లవారుజామునే బయల్దేరతాయి.

సరస్సు దగ్గర కారు ఆపగానే నా భార్య ఉమ ఫోన్ చేసింది. పంక్చర్ సంగతి చెప్పాను. నాకు బుద్ధి లేదు.

"ముగ్గురు కలిసి వెళ్ళకూడదని చెప్పానా లేదా? రాయి పెట్టుకున్నారా?"

మా ఇళ్ళల్లో అది మామూలే. ముగ్గురు కలిసి పని మీద వెళ్ళాల్సివస్తే ఒక రాయిని వెంట తీసుకెళతారు. అది నాలుగో మనిషి కింద లెక్క. మా అత్తగారు కోర్టుకి కూడా హ్యాండ్‌బ్యాగులో గులకరాయితో వెళ్ళిన మనిషి. "పెట్టుకున్నాలే" అని అబద్ధం చెబితే, "ఫోటో పంపు" అంది. ఇక తప్పలేదు. పడవలు దించే వాలు పక్కన, నీటి అంచు దగ్గర, ఫోన్ లైటు వేసి వెతికాను. అరచెయ్యంత రాయి ఒకటి దొరికింది. ఒక వైపు గరుకు, ఇంకోవైపు ఎవరో నున్నగా చెక్కినట్టు చదును. చల్లగా ఉంది. మే నెలలో ఉండాల్సిన చల్లదనం కాదు.

బోట్లు అద్దెకిచ్చే గుడిసె కిటికీలో వాల్టర్ అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. వెనక గోడకి పెద్ద చెక్క బోర్డు, దాని నిండా మేకులు, ప్రతి మేకుకీ నంబరు. నీళ్ళ మీదకి వెళ్ళే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారట. తిరిగొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే, తమ చేత్తోనే మేకుకి తగిలించాలట.

"సాయంత్రం మేకు ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి ఇంకా నీళ్ళ మీదే ఉన్నట్టు. దొరికేదాకా వెతుకుతాం" అన్నాడు వాల్టర్. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఈ నీళ్ళ కింద ఒక ఊరుండేది. ఆనకట్ట కట్టినప్పుడు సమాధులన్నీ పైకి మార్చామన్నారు. కాగితం మీద పేరున్నవాళ్ళని మార్చారు. లేనివాళ్ళని ఎవరు లెక్కపెట్టారు?" అన్నాడు.

నాకు చలేసింది. వెంటనే నవ్వొచ్చింది కూడా. పొద్దున్నే టూరిస్టులకి చెప్పే కథ అనుకున్నాను.

"ఎంతమంది?" అన్నాడు.

చేతిలో రాయి ఉంది. ఉమకి పంపాల్సిన ఫోటో ఉంది. రాయికి బిళ్ళ కూడా కట్టి ఫోటో పంపితే ఆమె నోరు మూతపడుతుందనుకున్నాను.

"నలుగురు" అన్నాను.

31, 32, 33, 34. నాలుగు బిళ్ళలు, నాలుగు లైఫ్ జాకెట్లు కిటికీలోంచి బయటికొచ్చాయి. మూడు నారింజ రంగువి. నాలుగోది వెలిసిపోయిన నీలం, పాతది, బకిల్ ఊడితే బూటు లేసుతో కట్టారు.

కృపావరం నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దండి శశికాంత్ గారూ. ఇది ప్రాణాల లెక్కండి. మనిషి కానిదాన్ని మనుషుల్లో కలపకూడదండి."

"మీ ప్రభువు ఏమీ అనుకోడులేవయ్యా" అన్నాను.

అతను నవ్వలేదు. 33 నంబరు బిళ్ళని మెడలో సిలువ గొలుసుకి కట్టుకుని, చొక్కాలోకి వేసుకున్నాడు.

మా బోటు పాంటూన్. చదునుగా చిన్న అరుగంత ఉంటుంది, చుట్టూ రెయిలింగ్, ముందూ వెనకా బెంచీలు. రుత్విక్ మధ్యలో స్టీరింగ్ దగ్గర, నేను వెనక బెంచీ మీద, కృపావరం ముందు. అతనికి ఎదురుగా ఉన్న సీట్లో నీలం జాకెట్ కూర్చోబెట్టి, లోపల రాయి పెట్టి, లేసుకి 34 కట్టి ఫోటో తీశాను. "నాలుగోవాడు రెడీ" అన్నాడు రుత్విక్.

జాతీయగీతం అయ్యింది. పోటీ పడవలు ఒక్కొక్కటిగా పేరు పిలిపించుకుని, ముక్కు పైకెత్తి నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళాయి. కృపావరం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అతను అభిమానించే ఆటగాడు దక్షిణం వైపు పాయలోకి తిరిగాడు. మేమూ మెల్లగా అటే వెళ్ళాం.

పాయలో సగం దూరం వెళ్ళామో లేదో మంచు దిగింది. దిగడం కూడా కాదు, నీళ్ళలోంచే లేచింది. ముందు ఒడ్డు కనబడకుండా పోయింది. తర్వాత నీళ్ళు. తర్వాత మా బోటు ముందు భాగం. దేన్నైనా గుద్దుతామని రుత్విక్ ఇంజన్ ఆపేశాడు. పెట్రోలు వాసన పోయి బురద వాసన వచ్చింది. దాని వెనకే ఇంకేదో వాసన... ఏళ్ళ తరబడి పెట్టెలో మూసిన తడి బట్టల వాసన. అడుగున రేకుల మీద నీళ్ళు తట్టుకుంటున్న చప్పుడు. పోటీ పడవల మోత ఎప్పుడు ఆగిపోయిందో తెలీలేదు.

నాకు దీనమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది.

"ఎవరూ కదలద్దు" అన్నాను. "రెండు నిమిషాలకోసారి లెక్క చెప్పుకుందాం. నేను ఒకటి."

"రెండు" అన్నాడు రుత్విక్.

"మూడండి" అన్నాడు కృపావరం, మంచు లోపలినుంచి.

"లెక్కకి కూడా అండీ ఏందన్నా!" అని రుత్విక్ నవ్వాడు. ముగ్గురం నవ్వాం. ప్రాణం కొంచెం కుదుటపడింది.

రెండు నిమిషాలు. ఒకటి. రెండు. మూడండి.

ఇంకో రెండు నిమిషాలు.

"ఒకటి."

"రెండు."

"మూడండి."

"...నాలుగు."

నెమ్మదిగా వచ్చింది ఆ మాట. ఇప్పుడే నేర్చుకున్నవాళ్ళు పలికినట్టు, ఒక్కో అక్షరం విడిగా.

"రుత్విక్, ఆటలొద్దు" అన్నాను.

"నేను కాదన్నా." గుసగుసగా. "నువ్వనుకున్నా."

"కృపావరం... నువ్వా?"

"నేను కాదండి." మంచులోంచే అన్నాడు కృపావరం. "నా ఎదురుగా... సీటు కిర్రుమందండి. ప్రభువా... శశికాంత్ గారూ, ఇటు రండి..."

లేచాను. బోటు ముందుకి ఒరిగింది. నేను ఇంకా అడుగు వెయ్యలేదు. అయినా ఒరిగింది, ముందువైపు ఎవరో బరువైన మనిషి లేచి నిలబడినట్టు. నీళ్ళలో ఏదో పడిన చప్పుడు. పెద్దది కాదు. మెత్తగా, మునిగినట్టు.

"కృపావరం!"

ఏమీ లేదు.

"లెక్క! లెక్క చెప్పండి! ఒకటి!"

"రెండు..." రుత్విక్ ఏడుస్తున్నాడు.

మంచు. నీళ్ళ చప్పుడు. రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ ముందుకి వెళ్ళాను. కృపావరం కూర్చున్న బెంచీ చేతికి తగిలింది. ఖాళీ. తడి. నా నోట్లోంచి ఏం అరుపు వచ్చిందో నాకు తెలీదు. తొమ్మిదేళ్ళు, రెండు పోయిన కడుపులు, నాదీ పూచీ తల్లీ... అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

"మూడు."

నా పక్కనుంచే. ఎదురు సీట్లోంచి.

తిరిగి చూశాను. కృపావరం కూర్చుని ఉన్నాడు. తలనుంచి కాళ్ళదాకా తడిసిపోయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

అతన్ని పట్టుకుని బావురుమన్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. అతని ఒళ్ళు మంచుగడ్డ. నీళ్ళలో పడి ఎలాగో పైకి పాకినట్టున్నాడు, షాక్‌లో ఉన్నాడు, అంతే అనుకున్నాను. అతని ఒంటి మీద నీలం జాకెట్ ఉంది. చలికి తొడుక్కున్నాడనుకున్నాను. నారింజ జాకెట్ ఏమైందని, రాయి ఏమైందని అడగాలనిపించలేదు. మనిషి దొరికాడు. ఇంకేం కావాలి నాకు?

అతను దొరికిన నిమిషానికే బోటు చుట్టూ మంచు విడిపోయింది. రుత్విక్ ఇంజన్ స్టార్ట్ చేసి వెనక్కి చూడకుండా పోనిచ్చాడు.

గుడిసె దగ్గర వాల్టర్ లేడు, కిటికీకి 'గంటలో వస్తాను' అని కాగితం అంటించి ఉంది. బోర్డు మాత్రం పక్క తలుపులోంచి అందుతోంది. నేను 31 తగిలించాను. రుత్విక్ 32. అప్పుడే దీనమ్మ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ కలవడం లేదేమిటన్నయ్యా అని. "కాస్త తడిశాడు, ఫోన్ నీళ్ళలో పడిందమ్మా. మనిషి బంగారంలా ఉన్నాడు, నా పక్కనే ఉన్నాడు" అన్నాను. కృపావరం నా వెనకనుంచి వచ్చి, పిడికిలి విప్పి, ఒక బిళ్ళ మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. రాయితోపాటు 34 నీళ్ళపాలైనట్టుంది, సాయంత్రం వాల్టర్‌కి ఫోన్ చేసి ఒప్పుకుందాం అనుకున్నాను. మోటెల్‌కి వెళ్ళేసరికి ఆ సంగతే మర్చిపోయాను.

తూకం మధ్యాహ్నం మూడింటికి. దానికోసమే నాలుగు నెలలు ఎదురుచూసిన మనిషి, "ఇంటికి వెళ్దాం" అన్నాడు. బట్టలు మార్చుకోమన్నా మార్చుకోలేదు. ఆ షాక్‌లో ఉన్నవాణ్ణి బలవంతపెట్టాలనిపించలేదు. హీటర్ వేసుకుని బయల్దేరాం.

దారిలో ఏదో ఒకటి మాట్లాడించాలని రుత్విక్ ఫోన్లో పోటీ లైవ్ పెట్టాడు. "అన్నా, నీ హీరోకి నాలుగు చేపలు పడ్డయ్. ఇంకొక్కటే కావాలె."

కృపావరం చాలాసేపు స్క్రీన్ వైపు చూశాడు.

"పట్టినవాటిని ఏం చేస్తారు?" అన్నాడు.

"అదేందన్నా, నువ్వే కదా చెప్పినవ్. మళ్ళీ నీళ్ళలో వదిలేస్తరు."

"అన్నిటినీనా?"

రుత్విక్ అద్దంలో నావైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. మధ్యలో కారు దారి చెప్పింది, ఎడమకి తిరగమని. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ట్రాయ్ చేరేసరికి ఎనిమిది దాటింది. ఇంకా వెలుతురుంది. ఎదురింటివాళ్ళు లాన్‌కి నీళ్ళు పెడుతున్నారు. దీనమ్మ మెట్ల మీదే నిలబడి ఉంది. కృపావరం దిగి, ఆమె పక్కనుంచి లోపలికి నడిచాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళతో నాకు దణ్ణం పెట్టింది.

"మాటిచ్చినట్టే తీసుకొచ్చారన్నయ్యా. ఉండండి, టీ తాగి వెళ్ళండి." గడప దగ్గర ఆగి కిందకి చూసింది. "పొద్దుననగా తడిశారన్నారు, ఇంకా ఇలా కారుతున్నాయేంటి..."

మెట్ల మీద తడి అడుగులు ఉన్నాయి. పది గంటల ప్రయాణం, హీటర్. అయినా అప్పుడే నీళ్ళలోంచి లేచి నడిచినట్టు ఒక్కో అడుగులో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

నా ఫోన్ మోగింది. వాల్టర్.

పొద్దుటి సంగతి గుర్తొచ్చి ముందే మొదలుపెట్టాను. "సారీ సర్, ముప్పైనాలుగు నా తప్పు. అది మనిషి కాదు, రాయి. సరదాకి తీసుకున్నాను. నీళ్ళలో పడిపోయింది, డబ్బులు కట్టేస్తాను."

అవతల ఇత్తడి బిళ్ళలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది.

"ముప్పైనాలుగు బోర్డు మీదే ఉంది" అన్నాడు వాల్టర్. "లేనిది ముప్పైమూడు."

లోపల వంటింట్లో దీనమ్మ గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"దక్షిణపు పాయలో మంచు పొద్దున్నుంచి విడలేదు" అంటున్నాడు వాల్టర్. "రెండు పడవలు పంపాను. లోపల ఎవరో అరుస్తున్నారు. దగ్గరికి వెళితే దూరమైపోతోంది. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. మా వాళ్ళకి అర్థం కావడం లేదు. చీకటి పడుతోంది, అందరూ క్షేమంగా ఇంటికి చేరారని నువ్వు చెబితే పడవల్ని వెనక్కి పిలిచేస్తాను. లేదంటే రాత్రంతా వెతుకుతాం. అందుకే అడుగుతున్నా. నలుగురికి బిళ్ళలిచ్చాను. ఎంతమంది ఇల్లు చేరారు?"

"ఆ అరుపు... నాకు వినిపించగలరా?"

ఫోన్ నీళ్ళ వైపు పట్టినట్టున్నాడు. గాలి. ఒడ్డుకి తట్టుకుంటున్న నీళ్ళు. చాలాసేపు ఇంకేమీ లేదు. తర్వాత, ఎక్కడో దూరంగా, బొంగురుపోయిన గొంతు, నా లెక్క కోసమే పొద్దున్నుంచీ ఆగకుండా జవాబు చెబుతున్న గొంతు...

"మూడండీ..."

నా వెనక మెట్టు మీద తడి కాలు పడింది. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"నాలుగు" అంది, నెమ్మదిగా. "నాలుగని చెప్పు."